పచ్చ కర్టెన్ గది

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా, అందులో కూడా దీన్ని సగం రాసి ఆపేశాను. మదనపల్లెలో ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో, ఒక శనివారం మధ్యాహ్నం, నేను ఒక్కదాన్నే ఒక చైనీస్ హోటల్‌కి వెళ్ళి ఇద్దరికి ఆర్డర్ చేశాను. రెండు ప్లేట్ల నూడుల్స్, రెండు గ్లాసుల నీళ్ళు. ఎదురుగా ఖాళీ కుర్చీ. వడ్డించే ఆయన దగ్గరికి వచ్చినప్పుడల్లా ఫోన్ చెవికి ఆనించి, "ఇంకా ఎంతసేపే, చల్లారిపోతోంది" అన్నాను. అవతల ఎవరూ లేరు. రావలసిన వాళ్ళు కూడా ఎవరూ లేరు. నా ప్లేటు తినేసి, రెండోది పొట్లం కట్టించుకుని, హాస్టల్‌కి తీసుకెళ్తే ఎక్కడిదని అడుగుతారేమోనని మార్కెట్ యార్డు గేటు దగ్గర కుక్కలకు పెట్టేశాను.

అలా మూడు శనివారాలు చేశాను.

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. మాది సదుం దగ్గర ఒక పల్లె. నాన్న ఒకప్పుడు ఊళ్ళోవాళ్ళ చేలల్లో కూలికి పోయేవాడు, ఇప్పుడు స్కూలు బస్సు నడుపుతాడు. మా ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి ఆడపిల్లను నేను. మా అమ్మ తన జీవితంలో హోటల్లో కూర్చుని తిన్నది ఆసుపత్రికి వచ్చినప్పుడే, అదీ నాన్న పక్కన, కొంగు తలమీదికి లాక్కుని, గబగబా. ఆడది ఒక్కతే హోటల్లో కూర్చుని నిదానంగా నమిలి తినడం మా ఊళ్ళో తప్పని ఎవరూ చెప్పలేదు. ఎవరూ చేయలేదు, అంతే. చేయని పనికి తప్పు ఒప్పులు ఎవరు చెబుతారు?

నాలుగో శనివారం నేను రెండు ప్లేట్లు చెప్పాను. ఒక్కటే వచ్చింది. తెచ్చింది కూడా ఎప్పుడూ వడ్డించే ఆయన కాదు. వంటగదిలోంచి ఒకామె స్వయంగా వచ్చింది. యాభై దాటిన మనిషి, నైటీ మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని ఉంది, ముంజేతుల మీద నూనె చిట్లిన మచ్చలు. ప్లేటు నా ముందు పెట్టి, ఖాళీ కుర్చీని టేబుల్ కిందికి తోసేసింది.

"తినేది ఒక్కదానివే గదా పాపా. రెండు యాల?"

నాకు చెవులు వేడెక్కాయి. లేచి వెళ్ళిపోదామనుకున్నాను.

"ఉండు, యాడికి పోతాండావు? ఆ కుక్కలు నీకు సుట్టాలా? అవి ఈడికొచ్చి మా ఆయప్పను బెదిరిస్తాండాయి, నూడుల్స్ పెట్టమని." అని, నా వెనక ఉన్న తలుపు వైపు చేయి చూపించింది. "ఆ పచ్చ కర్టెన్ ఎనకాల గదుండాది. ఆడికి పోయి తిను. ఆడ ఎవురూ రారు, ఎవుర్నీ రానీను."

ఆమె ఆ హోటల్ యజమానురాలని, వంట కూడా ఆమేనని అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి ఆరేళ్ళు ఆమెను అక్కా అనే పిలిచాను. ఆమె నన్ను పాపా అనేది. ఒకరి పేరు ఒకరం అడగలేదు.

ఆ హోటల్ గురించి కొంచెం చెప్పాలి. మార్కెట్ యార్డు నుంచి బస్టాండ్ వైపు వచ్చే రోడ్డులో, రేకులు, పెంకులు, మిద్దెలు కలిసిన ఒక పాత వరుసలో ఉంటుంది. బోర్డు మీద ఒక డ్రాగన్ ఉంది. ఇరవై ఏళ్ళ కిందట దాన్ని గీసింది పుంగనూరు పెయింటరు. ఆయన అప్పటిదాకా డ్రాగన్‌ను చూసి ఎరగడు. పాల డెయిరీల గోడల మీద ఆవుల్ని గీసి గీసి చేయి తిరిగినవాడు. అందుకని ఆ డ్రాగన్‌కు పాము ఒళ్ళు, నోట్లో మంట బాగానే కుదిరాయి కానీ మొహం మాత్రం పుంగనూరు ఆవుది. వెడల్పు నుదురు, పొట్టి కొమ్ములు, నిద్రమత్తు కళ్ళు. పైగా మెడలో గంట. టమోటా లోడ్లు తెచ్చే రైతులు దాన్ని ఆవు హోటల్ అనేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగి, "ఏమప్పా, ఆవు హోటల్లో చికెన్ ఉంటాదా?" అని అడిగేవాళ్ళు. అక్క భర్త ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే నవ్వేవాడు.

అక్కది కుప్పం దగ్గరి పల్లె. కోపం వస్తే తమిళంలో తిట్టేది, మధ్యలో కన్నడంలోకి దిగేది, తెలుగులో ముగించేది. భార్యాభర్తలిద్దరూ బెంగుళూరులో ఒక చైనీస్ హోటల్లో పనిచేశారు. ఆయన వంటలో, ఆమె గిన్నెలు కడిగే దగ్గర. ఆయన నేర్చుకుని చేసింది ఆమె చూసి నేర్చుకుంది. మదనపల్లె వచ్చి హోటల్ పెట్టిన కొన్నేళ్ళకు కడాయి ఎగరేసి ఎగరేసి ఆయన భుజం పట్టేసింది. అప్పుడు ఆమె కడాయి అందుకుంది, ఆయన వడ్డనకు మారాడు. ఆడమనిషి చైనీస్ వండుతుందా అని మొదట్లో కొందరు రావడం మానేశారట. తర్వాత వాళ్ళే పొట్లాలు కట్టించుకుని పోయారట. నూడుల్స్‌లో కరివేపాకు, పైన వేరుశనగ పొడి చల్లడం ఆమె చేసిన పని. ఎర్ర సాస్ సీసాది కాదు, యార్డు నుంచి తెచ్చిన టమోటాలు ఉడికించి ఆమే చేసేది. "మదనపల్లెలో ఉండి టమోటా సీసాలో కొంటే, యార్డు ముందర నడిచేకి నాకు సిగ్గు గాదా?" అనేది.

ఇది చైనీసేనా అని ఎవరైనా సందేహపడితే, "చైనావాళ్ళు వస్తే అడుగుదాం లే" అనేది.

ఇక ఆ గది. మొదట్లో దాని తలుపు మీద 'ఫ్యామిలీ' అని రాసి ఉండేదట. ఒకరోజు టమోటాలు అమ్ముకుని ఒక రైతు భార్య చంకలో పసిబిడ్డతో తినడానికి వచ్చింది. హాలు నిండా మగవాళ్ళు. బిడ్డ పాలకు ఏడుస్తుంటే, ఫ్యామిలీ గదిలో ఒక కుటుంబం కూర్చుని ఉండడంతో ఆమె చేతులు కడుక్కునే చోట, నీళ్ళలో నిలబడి, గోడవైపు తిరిగి పాలిచ్చింది. అది అక్క చూసింది. ఆ సాయంత్రమే తన పచ్చ చీర ఒకటి చించి గదికి కర్టెన్ కట్టింది. 'ఫ్యామిలీ' అన్న అక్షరాల మీద సున్నం కొట్టింది. ఆనాటి నుంచి ఆ గది ఒక్కరే వచ్చిన ఆడవాళ్ళది. పిల్లలతో వచ్చినా సరే, కానీ మగతోడు ఉంటే హాల్లోనే. హాలంతా నిండిపోయి మగవాళ్ళు గుమ్మంలో వరుస కట్టినా, గదిలో ఒక్కతే కూర్చుని ఉన్నా, ఒక్క కుర్చీ కూడా బయటికి ఇచ్చేది కాదు.

ఆరేళ్ళలో ఆ గదిలో నేను ఎంతమందితో కలిసి తిన్నానో. యార్డులో టమోటాలు ఏరే ఆడవాళ్ళు, చేతులకు ఇంకా ఆకు పసరు అంటుకుని ఉండేది. వాల్మీకిపురం నుంచి పరీక్ష రాయడానికి వచ్చిన అమ్మాయిలు. ఒక బస్సు కండక్టరు, టికెట్ల మిషన్ ప్లేటు పక్కన పెట్టుకుని తినేది. ఒకామె సగం తిని టేబుల్ మీద తల వాల్చి నిద్రపోయింది, అక్క లేపలేదు. ఇంకొకామె చాలాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఇంకో ప్లేటు చెప్పింది. ఎవరం ఎవరినీ ఏమీ అడగలేదు. నేను పేపరు అట్ట వేసిన పుస్తకం చదువుకునేదాన్ని, లేకపోతే డైరీ రాసుకునేదాన్ని. హాస్టల్లో ఒక గదికి నలుగురం. రాస్తుంటే ఎవరో ఒకరు భుజం మీంచి తొంగిచూసేవాళ్ళు. నేను నిజంగా ఒంటరిగా ఉండగలిగింది ఆ గదిలోనే, మరో ముగ్గురు ఆడవాళ్ళు ఎదురుగా నములుతుండగా.

పోయినేడు ఆ రోడ్డు మారడం మొదలైంది. పట్టు నూలు అమ్మే పాత అంగడి పోయి ఫోన్ల షోరూమ్ వచ్చింది. సైకిళ్ళ రిపేరు పోయి అద్దాల కాఫీ షాపు వచ్చింది. వరుసకంతా యజమాని అయిన పెద్దాయన మంచాన పడడంతో వ్యవహారాలు ఆయన కొడుకు చేతికొచ్చాయి. బెంగుళూరులో చదువుకున్నవాడు. చెడ్డవాడని రాయలేను. గొంతు పెంచేవాడు కాదు, అక్కా అనే పిలిచేవాడు. హోటల్‌ను తీసేయమనలేదు. అగ్రిమెంటు తిరగరాయడానికి ఒకే ఒక్క షరతు పెట్టాడు. పచ్చ కర్టెన్ గదికి అవతలి గోడ రోడ్డు వైపు ఉంది. ఆ గోడ పగలగొట్టి, ఆ గదిని పార్సిల్ కౌంటర్ చేయాలి. ఇప్పుడంతా ఫోన్లో ఆర్డర్లు, లోపలికి వచ్చి కూర్చునేది ఎవరని అతని లెక్క.

అక్క ఒప్పుకోలేదు. ఆమె భర్త మాత్రం, "గదే కదా, పోతే పోనీలే" అన్నాడు. ఆ మాటకు అక్క రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదని, ఆ శనివారం ఉప్పు కావాలన్నా నన్ను పిలిచి అడిగించిందని చెబితే ఎవరూ నమ్మరు.

ఆ తర్వాతి శనివారమే నేను ఆ తప్పు చేశాను.

నేను గదిలోకి పోతుండగా యజమాని కొడుకు కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. అక్క వంటగది కిటికీలోంచి చూస్తోంది. అతను చాలా మర్యాదగా నన్ను ఆపాడు.

"ఒక్క నిమిషం మేడమ్. మీరు రెగ్యులర్‌గా వస్తారంట. ఈ గది తీసేసి, హాల్లోనే మంచి సీటింగ్ ఇస్తే మీకేమన్నా ఇబ్బందా?"

హాల్లో పదిమంది దాకా మగవాళ్ళున్నారు. అందరూ తినడం ఆపి నావైపు చూశారు, లేదా చూశారని నాకు అనిపించింది. నా నోరు నాకంటే ముందే జవాబిచ్చేసింది.

"ఏం లేదు సార్."

"సూసినావా అక్కా?" అన్నాడు అతను కిటికీ వైపు తిరిగి. "ఆ గదిలో కూర్చునేవాళ్ళే ఇబ్బంది లేదంటా ఉండారు. నువ్వే ఊరికే పట్టుకుని ఉండావు."

అక్క కడాయి అంచుకు గరిటె రెండుసార్లు కొట్టింది. కాసేపటికి నా ప్లేటు గదిలోకి ఎప్పటిలాగే వచ్చింది. వేరుశనగ పొడి ఎప్పటికంటే ఎక్కువే వేసింది. కోపంగా ఒక మాట అనుంటే ఎంత బాగుండేదో. నేను ఆ రోజు ఒక్క ముద్ద రుచి కూడా తెలియకుండా తిన్నాను. పక్కన టమోటాలు ఏరే ఒకామె ఉంది. నేను ఏం చేసి లోపలికి వచ్చానో ఆమెకు తెలియదు. "కొంచెం జరుగు పాపా" అని కాళ్ళు చాపుకుంది.

నేను పనిచేసేది కంటి ఆసుపత్రిలో, రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వచ్చిన ప్రతి మనిషినీ నేను అడిగే ప్రశ్నలు నాలుగు. పేరేమి, వయసెంత, ఏ ఊరు, ఏం ఇబ్బంది. కొత్తవాళ్ళతో మాట్లాడలేని నేను ఆ నాలుగు ప్రశ్నలు మాత్రం తడబడకుండా అడగగలను. చాలామంది ముసలివాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, చివరి ప్రశ్నకు "ఏం లేదమ్మా, ఊరికే వచ్చినా" అంటారు. కంట్లో పొర తెల్లగా కనిపిస్తూనే ఉంటుంది. అయినా ఏం లేదంటారు. అప్పుడు నేను విసుక్కోకుండా మళ్ళీ అడుగుతాను: "చెప్పవ్వా, చెబితేనే కదా రాసుకుంటాను." రోజంతా ఇతరుల చేత ఇబ్బంది చెప్పించే దాన్ని, నన్ను అడిగిన ఒక్కసారి ఏం లేదనేశాను.

ఆదివారం ఇంటికి పోయాను. పుంగనూరులో బస్సు మారేటప్పుడు కూడా అదే తలపు. రాత్రికి డైరీలో నాలుగు పేజీలు రాశాను, ఆ గది ఎందుకు ఉండాలో. చదువుకుంటే చాలా బాగుంది. డైరీలో నేను గొప్ప ధైర్యవంతురాలిని. అందులో ఎన్నిసార్లు ఎంతమందికి బుద్ధి చెప్పానో లెక్కలేదు. ఆ పేజీలు చూస్తూ కూర్చుంటే మొదటిసారి నా రాత మీద నాకే కోపం వచ్చింది. అతనికి ఈ డైరీ ఎవరిస్తారు? ఇచ్చినా ఎందుకు చదువుతాడు? నేను అబద్ధం చెప్పింది నోటితో. సరిచేయాల్సింది కూడా నోటితోనే.

శనివారం మేస్త్రీ వచ్చి గోడ కొలతలు తీసుకుంటాడని అక్క భర్త ముందే చెప్పాడు. నేను ఆసుపత్రిలో అరపూట సెలవు అడిగి తొందరగా వెళ్ళాను. మేస్త్రీ టేపు పట్టుకుని గదిలో ఉన్నాడు. కర్టెన్ ఒక పక్కకు లాగి ముడేశారు. యజమాని కొడుకు గుమ్మంలో నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. హాల్లో అప్పుడే జనం నిండుతున్నారు.

నేను అతని ముందుకు పోయి నిలబడ్డాను.  బస్సులో, నడకలో అనుకున్న వాక్యాలన్నీ ఎటో పోయాయి.

అతను తలెత్తి, "ఏమైంది మేడమ్? ఏం ఇబ్బంది?" అన్నాడు.

నా ప్రశ్న నన్నే అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు ఏ వరుసలో చెప్పించాలో నాకు బాగా తెలుసు.

"ఇబ్బంది ఉంది సార్," అన్నాను. గొంతు సన్నగా వచ్చింది. మళ్ళీ అన్నాను, ఈసారి కౌంటర్ దగ్గరి గొంతుతో. "ఇబ్బంది ఉంది. పోయిన శనివారం మీరు అడిగితే లేదన్నాను. అది అబద్ధం. ఆరేళ్ళుగా నేను ఈ గదిలో తింటున్నాను. ఇది లేకపోతే నాకు ఈ ఊళ్ళో కూర్చుని తినడానికి చోటు లేదు. నాకొక్కదానికే కాదు, ఈ గదికి వచ్చే ఎవరికీ లేదు. మీరు మళ్ళీ ఎవరినైనా అడిగితే వాళ్ళు కూడా లేదనే చెబుతారు. ఇంతమంది ముందర అడిగితే అలాగే చెబుతారు. కాబట్టి నేను చెప్పింది రాసుకోండి."

రాసుకోండి అని ఎందుకన్నానో తెలియదు. అలవాటు. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మేస్త్రీ టేపు వదిలేస్తే అది టకటకమంటూ చుట్టుకుపోయింది.

యజమాని కొడుకు మొహం ఎర్రబడింది. "మరి అప్పుడు లేదన్నారు కదా మేడమ్."

"అప్పుడు భయమేసింది."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ వేస్తోంది సార్."

అప్పుడు అక్క వంటగదిలోంచి బయటికొచ్చింది. చేతిలో గరిటె. పొయ్యి ఆర్పిందో లేదో కూడా చూసుకోలేదు, ఆమె భర్త పొయ్యి దగ్గరికి పరుగెత్తాడు.

"ఇనిపించిందా నాయనా?" అంది.

"నేను కాదనలేదు అక్కా. కానీ కౌంటర్ ఎక్కడ పెట్టేది చెప్పు? వాకిలి, ఆ కిటికీ అద్దం పోను రోడ్డు వైపు గోడ అదొక్కటే ఉండాది."

అక్క గది వైపు చూసింది. ముడేసిన కర్టెన్ వైపు చూసింది. నా వైపు చాలాసేపు చూసింది.

"సరే. గోడ పగలగొట్టుకో. గది తీస్కో."

 నా మాటలన్నీ ఇందుకేనా అనుకున్నాను. అతను కూడా నమ్మలేనట్టు చూశాడు.

"ఆ గదిలో టేబుల్ ఉండాదే, అది నీకియ్యను," అంది అక్క. "అది ముందరికొస్తాది. వాకిలి పక్కన, అద్దం దగ్గరికి."

"అక్కా, అది ప్రైమ్ ప్లేసు. కార్లలో వచ్చే ఫ్యామిలీలు అక్కడే అడుగుతారు."

"కారుంటే ఏం, కాళ్ళు లేవా వాళ్ళకు? ఎనక్కి నడిసి రమ్మను. ఆ టేబుల్ ఆడోళ్ళది. ఒగతే వచ్చినా ఆమెదే, ఎవురూ రాకపోయినా కాళీగా ఉంటాది. నీ కాయితంలో అది రాయి, సంతకం పెడ్తా. రాయవా, నా కడాయి ఎత్తుకోని కుప్పం పోతా. నీ కౌంటర్‌లో నువ్వే కూసోని నీళ్ళు పార్సిల్ కట్టుకో."

హాల్లో ఈసారి అందరూ నవ్వారు. ఒక రైతు, "రాసెయ్ అప్పా, ఆయమ్మ పోతే మేము యాడ తినేది?" అన్నాడు. యజమాని కొడుకు ఫోన్ జేబులో పెట్టుకుని మేస్త్రీతో బయటికి పోయాడు. మూడో రోజు కాగితం పంపించాడు. అందులో ఆ టేబుల్ సంగతి ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. అక్క నా చేత రెండుసార్లు చదివించుకుని సంతకం చేసింది.

"గది పోయింది కదక్కా," అన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"పోనీ. ఇన్నేండ్లు మిమ్మల్ని కర్టెన్ ఎనక దాసిపెట్టినా. మంచి పనే అనుకున్నా. ఆ పొద్దు నువ్వు అంతమంది మొగోళ్ళ మధ్య నిలబడుకోని మాట్లాడతాంటే అనిపిచ్చింది, యాల దాసల్ల? మీరేమన్నా దొంగ సొమ్మా?" అని, అట్ట ముక్క ఒకటి, పెన్నూ నా ముందు పడేసింది. "బోర్డు రాయి. సదువుకున్నదానివి గదా."

నేను మొదట 'మహిళలకు ప్రత్యేకం' అని రాశాను. "బస్సులో అట్లే రాసుంటాది, దాని కిందనే మొగోళ్ళు కూసోని నిద్రపోతాంటారు," అని తీసేయించింది. తర్వాత ఒంటరి మహిళల గౌరవార్థం అంటూ కొంచెం పెద్దగా రాశాను. చదివి వినిపిస్తే, "ఎవురన్నా సచ్చిపోయినారా?" అంది. చివరికి ఆమె చెప్పిందే రాశాను: 'ఒక్కరే వచ్చిన ఆడవాళ్ళ టేబుల్. మగవాళ్ళు అడగవద్దు.' నా రాత మొదటిసారి నలుగురి కళ్ళబడింది, కింద నా పేరు లేకుండా.

బోర్డు రాయడం వేరు, దాని కింద కూర్చోవడం వేరు. యార్డు నుంచి పోయే ప్రతి ట్రాక్టరూ, మా ఊరివైపు పోయే ప్రతి ఆటో ఆ అద్దం ముందునుంచే పోతుంది. మొదటి శనివారమే మా ఊళ్ళో మా వీధిలోనే ఉండే ఒక పెద్దాయన, లోడు దించి వస్తూ అద్దంలోంచి నన్ను చూసి ఆగిపోయాడు. లోపలికే వచ్చేశాడు.

"ఏమ్మా, ఈడుండావే? ఒక్కదానివే?"

"ఔ పెద్దనాయనా. తింటాండా."

"ఎవురన్నా వస్తారా?"

"ఎవురూ రారు."

ఆయన బోర్డు చదివాడు. నా ప్లేటు చూశాడు. మళ్ళీ బోర్డు చదివాడు. "సరే, తిను తిను" అని, ఏదో జరగరానిది చూసినట్టు వెనక్కి వెనక్కి నడిచిపోయాడు. సాయంత్రానికి అమ్మ ఫోన్ చేసింది.

"హోటల్లో ఒక్కదానివే కూసోని తింటావుండావంట? రోడ్డు మీదికి కనపడేటట్ల?"

"ఔమా."

"ఎవురన్నా అడిగితే ఫ్రెండ్స్ వచ్చిండారని చెప్పు."

"రాలేదు మా. ఒక్కదాన్నే పోయినా. వచ్చే వారమూ పోతా."

  అమ్మ గొంతు తగ్గించి, "ఏం తిన్నావు?" అంది. నూడుల్స్ అని చెప్పాను. "బాగుంటాదా?" అంది. ఒకసారి తీసుకుపోతానన్నాను. "నాకేమొద్దు తల్లీ" అంది కానీ, ఫోన్ పెట్టే ముందు అందులో ఏమేం వేస్తారో అడిగింది.

ఈ ఏడు మొదట్లో మా ఆసుపత్రి వాళ్ళు కుప్పంలో చిన్న శాఖ తెరిచి నన్ను అక్కడికి మార్చారు. ఇప్పుడు ఇక్కడి నుంచే రాస్తున్నాను. స్టేషన్ దగ్గర ఒక హోటల్ ఉంది, పరోటా బాగుంటుంది. ఆదివారాలు ఒక్కదాన్నే పోతాను. రోడ్డుకు దగ్గరగా ఉన్న కుర్చీయే అడుగుతాను. కొందరు చూస్తారు. నేను తింటాను.

మదనపల్లెలో నా చివరి శనివారం ఆ టేబుల్ దగ్గర నాతోపాటు ఒక నర్సమ్మ, పరీక్షకు వచ్చిన ఒక అమ్మాయి ఉన్నారు. హాలు కిటకిటలాడుతోంది. కుప్పం పోతున్నానని అక్కకు చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. కళ్ళు నీళ్ళతో నిండిపోతే ఎవరూ చూడకూడదని కుర్చీ గోడవైపుకు తిప్పుకుని, తల వంచి తింటున్నాను. గుమ్మంలో నేను చెప్పిన మాట అక్క భర్త అప్పటికే ఆమెకు చేరవేసినట్టున్నాడు. ఆమె కడాయి వదిలేసి వచ్చింది. పోవద్దని అనలేదు, జాగ్రత్త అనలేదు, 'మా కుప్పం మంచిదే' అని కూడా అనలేదు. రెండు చేతులతో నా కుర్చీ పట్టుకుని, నాతోసహా, రోడ్డు వైపు తిప్పేసింది.

"ఆ గోడకు సూపించేకా నీ మొగం? ఇట్ల తిరుక్కోని తిను. సూసేవాళ్ళను సూడనీ పాపా, మెడ నొప్పి పుడితే వాళ్ళే తిప్పుకుంటారు."